సెల్లార్‌లో రెండు మృగాలు

రెండు మృగాలను ఒకే సినిమాలో దింపిన రోజే భయం చచ్చిపోయిందని నేను ఎవరితోనైనా వాదిస్తాను. మా అమ్మాయి శ్రీహితతో అయితే అన్నం ముందు కూర్చుని కూడా వాదిస్తాను. అఫ్జల్‌గంజ్ వెనక గల్లీలో పూజసామాన్ల హోల్‌సేల్ దుకాణం నడుపుకునేవాడికి ఇంగ్లీషు మృగాల గొడవ ఎందుకని మా అమ్మ నాగమణమ్మ నెత్తి కొట్టుకుంటుంది. ఎందుకంటే ఏం చెప్పను? చిన్నప్పుడు మలక్‌పేటలో, తెలుగు డబ్బింగ్‌లో చూసిన చెరువు మృగం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ సినిమాలో మృగం చివరిదాకా సరిగ్గా కనిపించదు. నీళ్లు కదులుతాయి, పడవ అడుగున ఏదో గీరుకుంటుంది, అంతే. పడవలో ఉన్న ప్రతి మనిషీ మనకు తెలుసు. ఒకడికి దగ్గు, ఒకామెకు పెళ్లి కుదిరింది, ఒక ముసలాయన ఎప్పుడూ చెప్పులు వెతుక్కుంటుంటాడు. వాళ్లు ఒక్కొక్కరే పోతుంటే మన ఇంట్లోవాళ్లు పోయినట్టే ఉంటుంది. దానికి రెండో భాగం తీశారు, మూడోది తీశారు. ఇంకేమీ తోచక వేరే సినిమాలోంచి ఎడారి మృగాన్ని పట్టుకొచ్చి దీనితో కుస్తీకి దింపారు. అందులో మనుషులకు పేర్లు కూడా ఉండవు, కాళ్ల కింద పరిగెత్తడమే వాళ్ల పని. డిగ్రీ చదివే మా పిల్ల దాన్ని ఈలలు వేస్తూ చూసి వచ్చింది.

"నీ సినిమాల చీకటి తప్ప ఏముంది బాపు? పైసల్లేక మృగాన్ని చూపియ్యలే, నువ్వేమో అదే గొప్ప అంటవ్" అంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది.

సెప్టెంబరులో మూసీ పొంగిన రోజు కూడా పొద్దున్నే ఇదే లొల్లి. పైన జలాశయాల గేట్లు ఎత్తారనీ, దుకాణాలు మూసుకోమనీ పోలీసులు మైకులో చెబుతూ పోయారు. మా పక్క దుకాణం కరీం భాయ్‌ది, తాళ్లు, తార్పాలిన్‌లు అమ్ముతాడు. ఆయన అప్పుడే షెటర్ దించి మూసీ అవతల మొఘల్‌పురాలోని ఇంటికి వెళ్లిపోయాడు. నేను వెళ్లలేదు. సెల్లార్‌లో అగర్‌బత్తీల కార్టన్లు, కర్పూరం డబ్బాలు ఉన్నాయి. అమ్మా, శ్రీహితా, నేనూ మోసుకుంటూ పైకి చేర్చడం మొదలుపెట్టాం.

మధ్యాహ్నం దాటాక మోరీలోంచి సెల్లార్‌లోకి నీళ్లు ఎగదన్నాయి. నేను ముందు చేసిన పని కరెంటు మెయిన్ బంద్ చేయడం. ఇట్లాంటి వాటిలో నా అంత జాగ్రత్త మనిషి గల్లీలో లేడని నాకు గట్టి నమ్మకం. తర్వాత ఒక కార్టన్ ఎత్తుకుని అటక మీదికి ఎక్కాను. సర్ది దిగేసరికి శ్రీహిత కనిపించలేదు.

"పిల్లేది?" అన్నాను.

"లక్ష్మమ్మ ఫొటో కిందనే ఉందిరా నర్సిం. తెమ్మని నేనే పంపిన" అంది అమ్మ.

సెల్లార్ మెట్ల దగ్గరికి వెళ్లి చూశాను. శ్రీహిత దిగినప్పుడు చీలమండ దాకా ఉండి ఉంటాయేమో, ఇప్పుడు నీళ్లు మోకాలు దాటాయి. ఆ చివర గోడకు ఆనించిన చెక్క రాక్ ఎక్కి, లక్ష్మీదేవి పటం చంకలో పెట్టుకుని, దిగడానికి ఒక కాలు కిందికి చాపుతోంది. పటం ముందుండే చిన్న ఎర్ర బల్బు వెలుగు దాని ముఖం మీద పడుతోంది. పిల్ల బాగానే ఉందని ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే మళ్లీ బల్బును చూశాను. మెయిన్ నేను బంద్ చేశాను. బల్బు ఎట్లా వెలుగుతోంది?

"శ్రీహితా, దిగకు. కాలు పైకి తీయ్" అని అరిచాను.

మా ఇళ్లలో దుకాణం లక్ష్మి ముందు దీపం ఆరకూడదు. నూనె దీపం పోయి బల్బు వచ్చినా ఆ పట్టింపు పోలేదు. వెనకటికి ఒక దీపావళి నాడు మా లైన్ పోయి రాత్రంతా బల్బు ఆరిపోతే అమ్మ మర్నాడు అన్నం ముట్టలేదు. అది చూసి కరీం భాయ్ వాళ్ల నాన్న తన మీటరులోంచి ఒక వైరు లాగించి, సెల్లార్ గోడకు బొక్క కొట్టించి మా బల్బుకు కలిపించాడు. మీ లైన్ పోతే మా లైన్ ఉంటది, మీ అమ్మవారి దీపం ఆరదు అన్నాడు. ఇప్పటికీ గల్లీలో ఆ మాట చెప్పుకుంటారు. మేమే ఆ వైరును మరిచిపోయాం. నేను అంత గొప్పగా మెయిన్ బంద్ చేశానే, దానికీ ఈ వైరుకూ ఏ సంబంధమూ లేదు.

ఆ వైరు గోడలోంచి బయటికి వచ్చేచోట నల్లటేపు చుట్టిన పాత జాయింట్ ఒకటి ఉంది. అది నేలకు దగ్గరగా, సరిగ్గా మెట్లకూ రాక్‌కూ మధ్యన ఉంది. ఇప్పుడు అక్కడ కార్టన్లు తేలుతూ గోడకు ఒత్తుకుని నిలబడ్డాయి. జాయింట్ నీళ్లలో ఉందో, నీళ్లకు పైన ఉందో కనిపించడం లేదు.

"ఏమైంది బాపు?" అంది శ్రీహిత.

"ఆ బల్బు కరీం భాయ్ లైన్ మీదిది. నీళ్లల్ల కరెంటు ఉండొచ్చు. నేను చెప్పేదాక రాక్ దిగకు."

అది చాపిన కాలు మెల్లగా వెనక్కి తీసుకుని, పటాన్ని గుండెకు హత్తుకుని గొంతుక్కూర్చుంది.

కరీం భాయ్‌కి ఫోన్ చేశాను.  "మీటరు షెటర్ లోపలుంది, తాళాలు నా దగ్గర్నే ఉన్నయ్ నర్సిం భాయ్. మొయిన్ బండి తీస్తున్నడు, ఇద్దరం ఒస్తున్నం. లైన్ తీసినంక ఫోన్ చేస్త. అప్పటిదాక బేటీని దించకు" అన్నాడు. మొయిన్ ఆయన కొడుకు. కరెంటాఫీసుకు చేస్తే ఎంగేజ్. మళ్లీ చేస్తే మళ్లీ ఎంగేజ్. గల్లీలోకి తొంగిచూసి కేకలు వేశాను. నీళ్లు తప్ప మనిషి లేడు. కరీం భాయ్ షెటర్‌కు రెండు తాళాలు, నా చేతులతో ఊడేవి కావు. అమ్మ నా వెనకే నిలబడి, "నేనే పంపిన, నేనే పంపిన" అని ఏడుస్తోంది. మెట్ల మీదికి తిరిగి వచ్చాను. నీళ్లు ఇంకో మెట్టు మింగాయి.

"బాపు, నాకు భయమైతుంది" అంది శ్రీహిత.

"నాక్కూడ అయితుంది బిడ్డా."

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. అప్పుడే రాక్ కింద నుంచి ఒక పందికొక్కు వెల్లకిలా తేలుతూ వచ్చింది. శ్రీహిత దానిని చూసింది, నేనూ చూశాను.

"అది మునిగి సచ్చిందా, కరెంటుతోనా?"

"తెల్వదు. దాని దిక్కు చూడకు, నా దిక్కు చూడు. ఏమన్న మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"పొద్దున నన్ను తిట్టినవ్ గద, అదే తిట్టు."

అది ముక్కు ఎగబీల్చింది. "ఇది అచ్చం నీ సినిమానే. ఏం కనిపిస్తలేదు, ఎక్కడుందో తెలుస్తలేదు."

"కాదు. నీళ్లొకటి, కరెంటొకటి. రెండు మృగాలొచ్చినయ్. ఇది నీ సినిమా."

ఏడుపులోనే కొంచెం నవ్వింది. "నా సినిమాల అయితే అవి రెండు ఒకదాన్నొకటి కొట్టుకుంటయ్. మనల్ని పట్టించుకోవు."

 ఈ రెండూ కొట్టుకునేవి కావు, కలిసే రకం. ఆ మాట దానితో అనలేకపోయాను.

"నాకు ఆ కుస్తీ ఎందుకు నచ్చిందో నువ్వు ఎన్నడన్న అడిగినవా?" అంది. "చిన్నప్పుడు నీ చెరువు మృగాన్ని నాకు చూపించినవ్. ఎన్ని దినాలు నానమ్మను లేపకుండ బాత్‌రూంకు పోలేకపోయిన్నో నీకు తెల్వదు. ఆ కుస్తీ సినిమాల అదే మృగం మనోళ్ల దిక్కు నిలబడ్డది బాపు. ఎడారిది మీదికొస్తుంటే అడ్డం పోయింది. అప్పుడు పోయింది నాకు దాని భయం. నువ్వేమో భయం పోయిందని లొల్లి చేస్తవ్. పోతేనే గద మంచిది."

ఇన్నేళ్లు నేను దానితో వాదించాను గానీ, దాని మాట ఒక్కసారీ వినలేదు. మొదటి సినిమాయే గొప్పదని నేను ఇప్పటికీ అంటాను. అందులో మనుషులు మనుషుల్లాగా ఉంటారు, వాళ్ల కోసం మన గుండె కొట్టుకుంటుంది. కానీ ఒక పిల్ల భయం తీర్చిన సినిమాను పట్టుకుని పనికిమాలినదని ఎట్లా అనగలను?

"బయటికొచ్చినంక ఇద్దరం కలిసి చూద్దాం. నేను కూడ ఈల ఏస్త" అన్నాను.

"నీకు ఈల రాదు."

"నేర్పియ్యి."

రాక్ కిర్రుమంది. పాత చెక్క, కింద నానిన కార్టన్లు కదిలి దాన్ని ఒక పక్కకు ఎత్తుతున్నాయి. శ్రీహిత గోడను గోళ్లతో పట్టుకుంది. ఫోన్ చూశాను, కరీం భాయ్ నుంచి ఏమీ లేదు. చేస్తే కలవడం లేదు. రాక్ ఇంకొంచెం వంగింది.

"బాపు, పడిపోతున్న."

ఆ మాట పూర్తయ్యేలోపే ఎర్ర బల్బు ఒకసారి కొట్టుకుని ఆరిపోయింది. సెల్లార్ అంతా చీకటైంది. మెట్ల మీది నుంచి దిగే మసక వెలుతురులో రాక్ మీద దాని ఆకారం మాత్రం కనిపిస్తోంది. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

"కరీం భాయ్ తీసిండు. లైన్ కట్టయింది బిడ్డా, దుంకు" అంటూ నేనే ముందు నీళ్లలోకి దిగాను.

తొడల దాకా చల్లగా తగిలాయి. నాకు ఏమీ కాలేదు. అది దూకిన చప్పుడు వినిపించింది. రెండు చేతులతో నీళ్లు తోసుకుంటూ వెళ్లాను. దారికి అడ్డంగా ఉన్న కార్టన్లను చేత్తో గోడవైపు నెట్టాను. శ్రీహిత పటాన్ని తల మీద పెట్టుకుని వస్తోంది. దాని మణికట్టు దొరకబుచ్చుకుని లాక్కొచ్చాను. అమ్మ మెట్ల మీది నుంచే దాన్ని వాటేసుకుని, పటం పక్కన పెట్టి, కొంగుతో తల తుడవసాగింది. నాకు ఇక ఓపిక లేక అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను.

ఫోన్ మోగింది. కరీం భాయ్. అందరూ వినాలని స్పీకర్ పెట్టాను. "నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె భాయ్" అన్నాను, ఆయన ఇంకా నోరు తెరవకముందే.

"ఏంది భాయ్, వినొస్తలేదు" అన్నాడు కరీం భాయ్, రొప్పుతూ. వెనక ఎవరో గట్టిగా అరుస్తున్నారు. "నయాపూల్ బ్రిడ్జి బంద్ చేసిండ్రు. ఇవతల మదీనా చౌరస్తా దగ్గర్నే ఆపిండ్రు మమ్మల్ని. మొయిన్ పోలీసోళ్లను బతిమాలుతున్నడు. షెటర్ తీసేదాక లైన్ చాలూనే ఉంటది, బేటీని అస్సలు దించకు. హలో, నర్సిం భాయ్, బేటీ రాక్ మీదనే ఉంది గద?"

అమ్మ చెయ్యి శ్రీహిత తల మీద ఆగిపోయింది. నేను కార్టన్లను నెట్టిన నా చేతిని చూసుకున్నాను. ఆరింది బల్బు ఒక్కటే.

"హలో" అంటున్నాడు కరీం భాయ్. "హలో, భాయ్."

 శ్రీహిత వంగి, నా మోకాళ్ల కింద చేతులు వేసి, ఇంకా నీళ్లలోనే ఉన్న నా రెండు కాళ్లనూ పైకెత్తి పొడి మెట్టు మీద పెట్టింది.