ఎర్రబల్బు చెప్పని సంగతి

లక్డారం ఊళ్ళో వెంకటేశం పొలం కొత్త ఫ్యాక్టరీ కిందికి పోయింది. బదులుగా ఇంటికొక నౌకరి ఇస్తామన్నారు. అదీ ఊరికే రాదు. ట్రైనింగ్ షెడ్డులో పని నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. తప్పితే పొలమూ లేదు, పనీ లేదు.

షెడ్డులో ఒక కరెంటు పెట్టె ఉండేది. దాని మీద ప్రశ్నలు అంటించి ఉంటాయి. నాలుగు జవాబులకు నాలుగు మీటలు. సరైనది నొక్కితే పచ్చబల్బు వెలుగుతుంది. తప్పయితే ఎర్రబల్బు, దానితోపాటు బర్రుమని మోత. ఎందుకు తప్పో మాత్రం పెట్టె చెప్పదు. నేర్పాల్సిన త్రినాథరావు కోస్తా నుంచి వచ్చిన మనిషి. పెట్టె వచ్చాక ఆయన నోరు మూసుకుని కుర్చీకి అతుక్కుపోయాడు.

వెంకటేశానికి ఎర్రబల్బే ఎక్కువ వెలిగేది. మోగినప్పుడల్లా షెడ్డంతా నవ్వేది. ఒకనాడు వదలకుండా మోగింది.

"ఎందుకు తప్పో చెప్పవేందే!" అని పెట్టెను ఒక్కటి పీకాడు. బల్బు పగిలింది.

త్రినాథరావు మండిపడ్డాడు. "మళ్ళీ దీన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను. ఇకనుంచి జవాబులు నోటితో నాకు చెప్పి చావు."

"ఇగ నీకు లైట్లు లేవు వెంకటేశం, తిట్లే," అన్నాడు చిన్నరాములు. వాడు పెట్టె దగ్గర మొనగాడు. ప్రశ్న చదవకుండానే వాడి వేలు మీట మీదికి పోయేది.

ఆనాటి నుంచి గురువుకూ శిష్యుడికీ ఒకరి మొహం చూస్తే ఒకరికి ఒళ్ళు మండేది.

"ఇనుము అరగదీసే ఆకురాయిని వెనక్కి లాగేటప్పుడు ఎందుకెత్తాలిరా?"

"చెయ్యి నొయ్యకుండ, సార్."

"నీ మొహం! దాని పళ్ళు ముందుకే కోస్తాయి. వెనక్కి రుద్దితే మొద్దుబారి చస్తాయి. మీ ఊళ్ళో కొడవళ్ళు కూడా ఇలాగే తగలేస్తారా?"

ఊరిని అన్నందుకు కొట్టాలనిపించేది వెంకటేశానికి. నౌకరి గుర్తొచ్చి ఊరుకునేవాడు. ఇంటికి పోయే దారి పొడుగునా ఆ తిట్టునే నెమరేసుకుంటూ ఉడికిపోయేవాడు.

పరీక్ష కాగితం మీద పెట్టారు. జవాబులను చిల్లుల కార్డులుగా కొట్టించి పట్నంలో కంప్యూటరుతో దిద్దించారు. ప్రశ్నలు అవే. జవాబుల వరస మాత్రం మార్చారు. మీటల చోటు బట్టీ పట్టిన షెడ్డంతా తప్పింది. వెంకటేశం ఒక్కడే పాసయ్యాడు.

"ఎవడి కాగితంలో చూసి రాశావురా?" అన్నాడు త్రినాథరావు.

"అందరు ఫేలయిన్రు గద సార్. ఎవని దాంట్ల సూడాలె?"

"అయితే మిషను పొరపడింది. నేను సంతకం పెట్టందే నీకు నౌకరి రాదు. చెప్పు, డ్రిల్లు బిట్టు నీలంగా ఎందుకు మారుతుంది?"

వెంకటేశం చేతులు కట్టుకుని అప్పజెప్పాడు. "నీళ్లు పొయ్యకుండ తిప్పితే వేడెక్కి ఉక్కు మెత్తబడ్తది. గాడిదకు గూడ దూపయితదని ఎరుకే, నీకు తెల్వదా అన్నరు సార్."

"ఆకురాయి?"

"పండ్లు ముంగటికే కోస్తయి. ఎనుకకు రుద్దితే మొద్దుబారతయి. మీ ఊర్ల కొడవళ్లు గూడ గిట్లనే ఖరాబు చేస్తరా అన్నరు."

షెడ్డు ఘొల్లుమంది. త్రినాథరావు సంతకం గీకి కాగితం వాడి మొహాన కొట్టాడు.

వెంకటేశం కదల్లేదు. "కొన్ని తప్పులు గూడ ఉన్నయట సార్. అవి ఏంది?"

"కంప్యూటరు మార్కులే పంపింది. ఏవి తప్పో నాకేం తెలుసు? పోరా!"

"తెల్వదంటే ఎట్ల?" వెంకటేశం స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "మళ్ల అన్నీ అడుగుండ్రి. తప్పు చెప్పిన కాడ తిట్టుండ్రి."