పనామె హోటల్

పొద్దున కంగ్టి బస్సు కదిలే వేళకు అహరోను బస్టాండు ముందు చాయ్ బండి దగ్గర నిలబడి, గ్లాసులో మిగిలిన చివరి గుక్క తాగి గొంతు సవరించుకునేవాడు. ఆ రోజు ఎవరి దుకాణం గురించి పిలవాలో వాళ్లు ముందురోజు సాయంత్రమే వచ్చి చెప్పిపోయేవాళ్లు. మాణిక్యప్ప సేటు దుకాణంలో కొత్త చీరలు దిగినయని ఒకరోజు, సంగప్ప సైకిల్ షాపులో పంక్చరు వేయించుకుంటే గాలి ఊరికే కొడతారని ఇంకోరోజు. అహరోను కళ్లు మూసుకుని ఒక్కసారి ఎలుగెత్తేవాడు. ఆ పిలుపు అతని నోట్లోంచి దిగి, రోడ్డు దాటి, తన దారిన తాను నడుచుకుంటూ పోయేది.

నారాయణఖేడ్‌లో అందరికీ ఎరుకైన సంగతే అది. అహరోను గొంతు కొన్నాళ్లు ఊళ్లోనే గల్లీ గల్లీ తిరిగేది, కొన్నాళ్లు బస్సెక్కి పల్లెలకు పోయేది. కండక్టర్ దానికి టికెట్ కొట్టేవాడు కాదు గానీ, "ఏయ్, ఫుట్‌బోర్డు మీద నిలవడకు, లోపటికి నడువ్" అని కసిరేవాడు. బోరంచలో లక్ష్మవ్వ అనే ముసలామె, "ఎండల పడి వస్తివి, జరసేపు కూసో" అని తన అరుగు మీద చోటిచ్చేది. పొద్దుగూకేసరికి అది దుమ్ము కొట్టుకుని ఇల్లు చేరేది. అహరోను భార్య అక్కమ్మ ఒక గ్లాసు బెల్లం నీళ్లు కలిపి మొగుడి చేతికిచ్చేది. అవి తాగితే గొంతు లోపలికి దిగేది. పగలంతా అతనికి మిగిలేది చిన్న గుసగుస. దాంతోనే చాయ్ అడిగేవాడు, బేరాలు మాట్లాడేవాడు.

మైకు కట్టిన ఆటో కావాలంటే జహీరాబాద్ నుంచి రప్పించాలి. చిన్న దుకాణాలోళ్లకు అది అయ్యే పని కాదు. అహరోనుకైతే ఒక పాత ధోవతీయో, ఇన్ని జొన్నలో ఇస్తే చాలు. పైగా అతనికి ఆ పనిలో ఒడుపు తెలుసు. పాలు పితికే వేళ ఎవరూ వినరనేవాడు. చీరల ముచ్చట మగవాళ్లు చేన్లకు పోయాక చెప్పాలనేవాడు. కొత్తగా దుకాణం పెట్టిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పేవాడు.

"సరుకు సంగతి ఎన్క. ముందుగాల పేరు చెప్పాలె. ఫలానా ఆయన అంటె జనం మనిషిని నమ్మి వస్తరు."

అక్కమ్మ ఒక హాస్టల్లో వంట చేసేది. పొద్దంతా వంటింట్లోనే ఉండటంతో ఊళ్లో ఆమె మొహం ఎరిగినవాళ్లు తక్కువ. ఆ హాస్టల్ ఎత్తేశాక కొన్నాళ్లు ఖాళీగా ఉంది. ఆమె చేతి జొన్న రొట్టెలు పలచగా, కరకరలాడుతూ, వారం ఉన్నా చెడేవి కావు. పక్కన పల్లికారం, ఉల్లిగడ్డ ఉంటే ఇంకేం అక్కర్లేదు. బస్సు డిపోకు ఎదురుగా రేకుల షెడ్డు ఒకటి కిరాయికి దొరికింది. రొట్టెల హోటల్ పెడతానంది. అహరోను సంతోషంగా ఒప్పుకున్నాడు. పెనం, పీటలు, పళ్లేలు తెచ్చుకున్నారు.

"రేపు పొద్దుగాల నా హోటల్ గురించి పిలువు" అంది అక్కమ్మ. "అక్కమ్మ రొట్టెల హోటల్ అని."

అహరోను బెల్లం నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. "పేరెందుకే? ఊకె రొట్టెల హోటల్ అంటె సాలదా?"

"అందరికి పేరే ముందు అంటవు గద."

"అందరి సంగతి వేరు. మనమెవలమో ఖేడ్ల ఎవలికి ఎరుక లేదు? మన చేతి రొట్టె తింటానికి ఎవలొస్తరు?"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. తాతల కాలంలోనే వాళ్ల వాడకు చర్చి వచ్చింది, బడి వచ్చింది, బైబిల్లోని పేర్లు వచ్చాయి. అయినా వాళ్లు దాహమని అడిగితే చెంబు చేతికివ్వకుండా పైనుంచి దోసిట్లో నీళ్లు పోసే ఇళ్లు ఊళ్లో ఇంకా ఉన్నాయి.

"హాస్టల్ల నీతోని పనిచేసిన నీలమ్మను ముంగట నిలవెడదాం" అన్నాడు అహరోను. "ఆమె కులం వేరు, ఆమెదైతె ఎవలు అడ్డం చెప్పరు. నువ్వు ఎన్క పొయ్యికాడ ఉండు. గోనెసంచులు కుట్టి నడుమ తెర కడత."

అక్కమ్మ అతని మొహంలోకి చూసింది. "నా పేరు నీ నోట్ల పట్టదా?"

"గిరాకీ కోసమే చెప్తున్ననే."

ఆమె గోనెసంచులు తనే కుట్టింది.

తెల్లారి అహరోను గొంతు 'నీలమ్మ రొట్టెల హోటల్' అంటూ ఊరంతా తిరిగింది. జనం వచ్చారు. డ్రైవర్లు, తాలూకా ఆఫీసు గుమస్తాలు, బడి పంతుళ్లు వచ్చారు. రొట్టె విరిచినప్పుడల్లా నీలమ్మను మెచ్చుకున్నారు. నీలమ్మ మొహం చిన్నబుచ్చుకుని తెర వెనక్కి వచ్చేది.

"నేను చెయ్యని రొట్టెకు నన్ను మెచ్చుకుంటుంటె తల ఎత్తబుద్ధి అయితలేదక్కా."

"కానియ్. రొట్టెలు ఏడిగున్నయి, పట్టుకపో" అనేది అక్కమ్మ.

అహరోను మధ్యాహ్నం పూట వచ్చి గడప పక్క బెంచీ మీద కూర్చునేవాడు. తన పిలుపుకు వచ్చిన జనాన్ని చూసుకుంటూ చుట్టంలా కూర్చునేవాడు. అప్పుడప్పుడూ తెర వెనక గాజుల చప్పుడు వినిపించేది. అప్పుడు రోడ్డు వైపు చూసేవాడు.

నీలమ్మ తన బిడ్డ కాన్పుకని బీదర్ పోయింది. వడ్డించడానికి వేరే మనిషి లేక అక్కమ్మ కొంగు నడుముకు దోపి తెర దాటి వచ్చింది. సరిగ్గా ఆ రోజే మాణిక్యప్ప సేటు తన వియ్యంకులను వెంటబెట్టుకుని వచ్చాడు. అహరోను లేచి బెంచీ తుడిచి కూర్చోబెట్టాడు. సేటు ఒక ముక్క నమిలి తల ఊపాడు.

"రొట్టె మంచిగుంది. నీలమ్మ ఏది? ఈమె ఎవలు అహరోనూ?"

అక్కమ్మ చేతిలో రొట్టెల బుట్టతో ఆగి మొగుడి వైపు చూసింది. పెళ్లినాడు పాస్టరు అడిగిన మాటకు జవాబు చెప్పేముందు కూడా అతన్ని అలాగే చూసింది.

"ఎవలు కాదు సేటు" అన్నాడు అహరోను గుసగుసగా. "పనామె."

సేటు సరేనన్నట్టు ఇంకో ముక్క విరిచాడు. అంత తేలిగ్గా అయిపోయింది. అక్కమ్మ వియ్యంకుల పళ్లేల్లో తలో రొట్టె వేసి లోపలికి పోయింది.

అహరోనుకు నోరు ఎండింది. నీళ్లు అడగబోయాడు. పెదవులు కదిలాయి గానీ ఏమీ రాలేదు. అతని గుసగుస అప్పటికే బెంచీ దిగి, గడప దాటి, రోడ్డు మీదికి పోతోంది.

పెద్ద గొంతు నడుస్తుందని అందరికీ తెలుసు. ఆ మిగిలిన కాస్తా నడుస్తుందని అహరోనుకే తెలియదు. కేకైతే తలుపు వేసుకుంటే ఆగుతుంది. గుసగుసకు చెవి ఒక్కటి దొరికితే చాలు. నల్లా దగ్గర బిందెలు పట్టే ఆడవాళ్ల చెవుల్లో, దవాఖాన ముందు వరుస కట్టిన వాళ్ల చెవుల్లో, అంగట్లో తక్కెడ పట్టుకున్న వాళ్ల చెవుల్లో ఒకటే మాట చెప్పుకుంటూ పోయింది. ఎవలు కాదు, పనామె. సాయంత్రం పల్లెల నుంచి తిరిగొచ్చిన పెద్ద గొంతుకు బస్టాండులో అది ఎదురైంది. రెండూ ఒకటై ఆ మాటే పట్టుకున్నాయి, ఇంటికి రాలేదు. అక్కమ్మ కలిపిన బెల్లం నీళ్లకు చీమలు పట్టాయి.

మర్నాడు కండక్టర్ అహరోనును ఆపాడు. "నీ గొంతు కంగ్టిల ఒక్కటే మొత్తుకునుడు. ఎవలు కాదు, పనామె, ఎవలు కాదు, పనామె అని. గిదేం దుకాణమయ్యా?"

అహరోను తల దించుకుని పోయాడు. దించుకున్న తల ఆదివారం దాకా ఎత్తలేదు. ఆదివారం చర్చిలో వాక్యం చదువుతుండగా ఆ గొంతు గేటు దగ్గరికి వచ్చింది. లారీ పోయేటప్పుడు ఆగినట్టు పాస్టరు ఆగాడు, అది దాటిపోయాక అక్కడినుంచే అందుకున్నాడు. ఎవరైనా వెనక్కి తిరిగి తనను చూస్తే బాగుండుననిపించింది అహరోనుకు. ఒక్కరూ తిరగలేదు. అందరూ పుస్తకాల్లోకే చూశారు. ఆడవాళ్ల వైపు అక్కమ్మ మాత్రం పాట వచ్చినప్పుడు అందరికంటే స్పష్టంగా పాడింది.

ఇంటికొచ్చాక అహరోను ఆమె ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"సేటు ముంగట అన్నందుకు కాదు" అంది అక్కమ్మ, తడి కొంగు పిండుకుంటూ. "గంత మెల్లగ అంటివి సూడు, నాకు ఇనవడదనుకొని. గది నొచ్చింది."

అహరోను జోడించిన చేతులు దించాడు.

గొంతును వెతికి తెచ్చుకోవాలని బయల్దేరాడు. ఇన్నేళ్లుగా అతని పిలుపు నడిచిన ఊళ్లలో అతను ఒక్కసారీ నడవలేదు. ఎక్కడికి పోయినా అది అప్పుడే దాటిపోయిందనేవాళ్లు. చేన్ల గట్ల మీద, ఎండలో, తన గొంతు ఎక్కడో ముందు వినబడుతుంటే దాని వెనక నడిచాడు. బోరంచకు చేరేసరికి కాళ్లు బొబ్బలెక్కాయి. నల్లపోచమ్మ గుడి అవతలి వీధిలో అరుగు ఊడుస్తున్న ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది.

"అహరోనువా? నీ గొంతు రోజు ఈడ్నే కూసునేది. ఇప్పుడు కూసోమంటె కూసుంటలేదు. పనామె, పనామె అంటది. ఎవలయ్యా ఆ పనామె?"

అహరోను అరచేతులతో రొట్టె తట్టినట్టు చేసి చూపాడు. ఆమెకు అర్థం కాలేదు. అతను తన మెడ దగ్గర వేలు పెట్టి, పుస్తె ఉండే చోట గీత గీసినట్టు చూపాడు.

లక్ష్మవ్వ చేతిలో చీపురు ఆగింది. "నీ పెండ్లామా?"

అతను తల ఊపాడు.

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. కూర్చోమని మాత్రం అనలేదు. అతను నిలబడే తాగాడు.

అప్పుడే వీధి మలుపులోంచి గొంతు వచ్చింది. అహరోను మొదటిసారి దాన్ని బయటినుంచి, ఎదురుగా విన్నాడు. ఎంత గట్టి గొంతు, ఎంత తేటగా ఉంది! అది ఆ మాట అంటుంటే చెంపలు మండాయి. దారికి అడ్డంగా నిలబడి నోరు తెరిచాడు. దారిలో పడుకున్న బర్రెను తప్పించుకున్నట్టు అది అతన్ని తప్పించుకుని పోయింది.

అతను తిరిగి ఖేడ్ చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం. హోటల్లో నలుగురైదుగురు తింటున్నారు. వడ్డించి వచ్చిన అక్కమ్మ తెర వెనక పొయ్యి ముందు కూర్చుంది. అహరోను తిన్నగా పోయి గోనె తెరను రెండు చేతులతో పట్టి గుంజాడు. మేకులు ఊడి వచ్చాయి. పొయ్యి, పెనం ముందు పిండి అంటిన మోచేతులతో అక్కమ్మ అందరికీ కనిపించింది. అహరోను ఆమెను చూపి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, మళ్లీ ఆమెను చూపాడు.

సేటు దగ్గర లెక్కలు రాసే మున్షీ రొట్టె సగంలో వదిలి లేచాడు. వెనకే ఇంకో ఇద్దరు లేచారు. అక్కమ్మ ఆ సగం రొట్టెను చూసింది.

"తీస్తివా?" అంది మొగుడితో. "ఇగ గీ పూటకు ఎవలు రారు."

ఆమె అన్నట్టే చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత కంగ్టి బస్సు వచ్చి ఆగింది. దిగిన వాళ్లలో ఇరవై, ముప్పై మంది దాకా మూటలు, పారలు, చంకల్లో పిల్లలతో నేరుగా హోటల్ ముందుకు వచ్చి నిలబడ్డారు. పట్నంలో మట్టి పనికి వలస పోయే ముఠా అది. ముందున్న పెద్దాయన పేరు బాలప్ప. లోపలికి వంగి చూసి, అడగాలా వద్దా అన్నట్టు అడిగాడు.

"ఈడ పనామె ఎవలు?"

అహరోను చేతిలో గోనెతెర అలాగే ఉంది. అక్కమ్మ లేచి నిలబడింది. పిండి చేతులు తుడుచుకోలేదు.

"నేనే."

"మా ఊళ్లె దినాం నీ పిలుపే అవ్వా" అన్నాడు బాలప్ప. "ఎవలు కాదు, పనామె అని. పట్నంల మమ్ముల గట్లనే అంటరు. ఇంటి ముంగటికి ఎవలొచ్చిన్రంటె, ఎవలు కాదు, పనోళ్లు అంటరు. గీ పిలుపు మాకేనేమో అని మావోళ్లంత అన్నరు. పనామె ఎవలని బస్సుల అడిగితె ఈ హోటలే అన్నరు. పొయ్యేముందు నీ చేతి బువ్వ తిని పోదామని వచ్చినం."

అక్కమ్మ పొయ్యి పక్క నుంచి ముందుకు వచ్చి, "లోపటికి రాండ్రి. కూసోండ్రి" అంది. "బెంచీలు సాలకుంటె కింద కూసోండ్రి, గోనె పరుస్తడు."

అహరోను తెరను నేల మీద పరిచాడు. వాళ్లు తిన్నంత సేపూ నీళ్లు పోశాడు, పళ్లేలు కడిగాడు. అతనెవరని ఎవరూ అడగలేదు. పోయేటప్పుడు దారికని రొట్టెల దొంతరలు గుడ్డల్లో కట్టించుకుని పోయారు.

ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. ఇళ్లల్లో అంట్లు తోమే ఆడవాళ్లు, ఊడ్చేవాళ్లు, హమాలీలు, మేకలు కాసేవాళ్లు, ఎవలు కాదని ఎప్పుడో ఒకప్పుడు అనిపించుకున్న వాళ్లంతా ఆ పిలుపు తమకేనని వచ్చారు. కొన్ని నెలలకు డ్రైవర్లూ తిరిగొచ్చారు. ఒకరోజు మున్షీ కూడా వచ్చి ఓ మూల కూర్చుంటే, అక్కమ్మ అందరికీ వేసినట్టే అతనికీ వేసింది. మాణిక్యప్ప రాలేదు. బీదర్ నుంచి వచ్చిన నీలమ్మ ఆ షెడ్డులో మొదటిసారి తలెత్తుకుని నవ్వింది.

గొంతు అహరోను దగ్గరికి మళ్లీ రాలేదు. ఊళ్లు తిరిగి తిరిగి దానికి ముందు మాటలు అరిగిపోయాయి. పనామె అన్న ఒక్క మాటే మిగిలింది. జనం దానికి హోటల్ అని కలుపుకున్నారు. అక్కమ్మ ఆ మాటకు నొచ్చుకోవడం ఎప్పుడో మానేసింది. అయినా పెయింటర్‌ను పిలిపించి రేకు మీద పెద్ద అక్షరాలతో 'అక్కమ్మ రొట్టెల హోటల్' అని రాయించింది. చదివేవాళ్లు చదివారు. అనేవాళ్లు మాత్రం పాత మాటే అన్నారు.

అహరోను ఇప్పుడు పొద్దునంతా హోటల్ ముందు ఊడ్చి, నీళ్లు చల్లి, గిరాకీ వచ్చేదాకా రోడ్డు పక్క నిలబడతాడు. బస్సు దిగిన కొత్తవాళ్లు ముందుగా అతన్నే అడుగుతారు.

"అన్నా, పనామె హోటల్ ఎటు?"

ఆమె పేరు అది కాదని చెప్పాలని ప్రతిసారీ అతని పెదవులు కదులుతాయి. వాళ్లు ఆకలి మీద ఉంటారు, అంతసేపు ఆగరు. అహరోను తల దించుకుని, చెయ్యి ఎత్తి దారి చూపిస్తాడు.