మొదటి దశ పెట్టె

ఆ అణుజీవశాస్త్రవేత్త పందొమ్మిదేళ్లు ఏకచ్ఛత్రంగా ఏలిన రాజ్యం ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు: ప్రయోగశాలలో కిటికీ పక్క బల్ల. ప్రజలంతా కలిసి ఒకే ఒక ప్రొటీను. దానిమీద ఆవిడ వెలువరించిన శాసనాలను ప్రపంచం మొత్తమ్మీద పదకొండుమంది శ్రద్ధగా చదివేవారు. వారిలో ఇద్దరికి ఆవిడంటే గిట్టదు.

ఆవిడను సింహాసనం మీంచి దింపింది ఫ్రీజరు. రొమ్ము కణితుల ముక్కలను జబ్బు దశనుబట్టి అందులో పెట్టెల్లో సర్దేవారు. మూడో దశవి, నాలుగో దశవి అరలు పట్టక పొర్లుతున్నాయి. మొదటి దశ పెట్టెలో ఎనభై ఒక్క గదులకు నిండినవి ఆరు. ఒకనాడు తలుపు వేయమని ఫ్రీజరు కీచుమంటున్నా ఆవిడ ఆ ఖాళీ గదులనే చూస్తూ నిలబడిపోయింది. మనుషులు రావలసిన వేళకు రావడం లేదు. వాళ్లను రప్పించడం ప్రొటీను వల్ల కాదు.

నెల తిరక్కుండా క్యాన్సర్ అవగాహన విభాగంలో చేరింది. తొలి రెండు దండయాత్రల్లోనూ రొమ్ము పరీక్షల వ్యాన్ ఎక్కిన ప్రాణి లేదు. మూడోది తన అన్న భార్య సూపర్‌వైజరుగా ఉన్న కుట్టు ఫ్యాక్టరీ మీదికి. నలభై దాటినవారు అరవైమంది; వదిన కదిలితేనే వాళ్లు కదులుతారు. వ్యాన్ నాలుగింటిదాకానే ఉంటుంది.

భోజనాల విరామంలో ఉపన్యాసం ముగిసింది.

"నొప్పి పుడుతుందా?" అనడిగింది కాజాలు కుట్టే ఆవిడ.

"కొందరిలో కొంత అసౌకర్యం కలిగే అవకాశాన్ని తోసిపుచ్చలేం."

"అంటే పుడుతుందా, పుట్టదా?"

"అది మనిషినిబట్టి..."

"మా ఆడపడుచు అంతేనమ్మా," అంది వదిన, మెడలో టేపు సవరించుకుంటూ. "అన్నం తిన్నావా అంటే, తిన్నట్టు ఆధారాలున్నాయంటుంది."

హాలు గొల్లుమంది. వదిన మాత్రం నవ్వు ఆపేసింది.

"సరేగానీ అమ్మాయ్, నీకు నలభై ఏడు. నువ్వెప్పుడు చేయించుకున్నావు?"

పందొమ్మిదేళ్ల పరిశోధనలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. తెల్లకోటు లోపల కూడా ఒక ఒళ్లుందన్న సంగతి శాసనాల్లో ఎక్కడా నమోదు కాలేదు.

"చేయించుకోలేదు వదినా."

"మరి మమ్మల్నెక్కమంటావేం?"

"భయమేసింది. కణితుల పెట్టెలు సర్దిన చేతులు కదా ఇవి."

మైకు బల్లమీద పెట్టేసి, ఆవరణ దాటి, వ్యాన్ దగ్గరి కాగితంలో మొదటి గీతమీద తన పేరు రాసుకుని లోపలికి వెళ్లింది. కిటికీలన్నీ తలలతో నిండాయి.

తిరిగి వచ్చేసరికి వదిన గుమ్మంలోనే ఉంది.

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది. రెండు పలకల మధ్య గట్టిగా నొక్కుతారు. పదంకెలు లెక్కపెట్టేలోగా వదిలేస్తారు. అంతే."

ఒకే ఒక్క నమూనాను పట్టుకుని తీర్పు చెప్పడం ఆవిడ జీవితంలో అదే మొదలు.

"ఏం తేలింది?"

"వారంలో చెబుతారు. ఏం తేలినా ముందు నీకే చెబుతా."

వదిన తన మెడలోని టేపు తీసి ఆవిడ మెడలో వేసింది.

"పట్టుకో. పోగొట్టావో, ఊరుకోను."

వదిన వ్యాన్ వైపు నడిచింది. వెనకే కాజాల ఆవిడ కదిలింది. "చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నారు, చూసుకోండి," అంది పోతూ పోతూ.

నాలుగయ్యేసరికి అరవైమందిలో ఇరవై ముగ్గురికి పరీక్ష పూర్తయింది. మిగిలిన ముప్పై ఏడుగురి నిమిత్తం వచ్చే మంగళవారం వ్యాన్ మళ్లీ ఇక్కడే ఉండాలని, మెడలో టేపుతో, గుండీ ఇంకా సరిచేసుకోకుండానే, ఆవిడ డ్రైవరుకు ఆజ్ఞ జారీ చేసింది.