కిటికీ ఉన్న గాలిమోటారు

తిరుత్తణిలో జాకెట్లు కుట్టే వనజాక్షికి ఆ ఫోటో వాళ్ల అవ్వ మునెమ్మ పెట్టెలో దొరికింది. బీడునేలలో ఒక చిన్న విమానం, ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు. పక్కన తలపాగా చుట్టుకుని, మగ్గం గుంటలోంచి ఇప్పుడే లేచి వచ్చినట్టు నడుం కాస్త వంచుకుని తాత నిలబడి ఉన్నాడు. అవ్వ మాత్రం ఎక్కడా లేదు.

పెళ్లయిన కొత్తలో తాను గాలిమోటారెక్కి ఆకాశంలో తిరిగానని అవ్వ బతికున్నంత కాలం చెప్పింది. జనాన్ని ఎక్కించుకుని తిప్పే దొరలెవరో ఊరూరా తిరుగుతూ తిరువళ్లూరు దగ్గర దిగారట. ఎవరూ నమ్మలేదు. నేతపని ఇంటి కోడలు విమానమెక్కడమేమిటని నవ్వారు. చివరికి గాలిమోటారు మునెమ్మ అన్నదే ఆమె పేరైపోయింది. పోయిన రోజు పాడె దగ్గర కూడా ఎవరో, "అవ్వ మళ్లా ఎక్కేసింది" అన్నారు. పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వి మూతులకు పైట చెంగులు అడ్డం పెట్టుకున్నారు. వనజాక్షి అది మరిచిపోలేదు.

మొన్న ఆర్.కె.పేటలో చుట్టాల గృహప్రవేశంలో మళ్లీ అదే ఎగతాళి. ఇంటికి రాగానే ఆమె ఫోటో తీసి తమ్ముడు దేవరాజులు ముందు పెట్టింది. అతను గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫోనుకు తెలియనిదేదీ లోకంలో ఉండదని అతని నమ్మకం. అందులోనే వెతికాడు.

"టైగర్ మాత్ అంటక్కా. పైలట్లకు ట్రైనింగ్ ఇచ్చే విమానం. రెండే సీట్లు, పైన కప్పు గూడా లేదు. అవ్వ యాడ కూర్చునింటాది, రెక్క మిందనా?"

"ఈడ నల్లగా కిటికీ మాదిరి ఉండాది చూడరా."

"అది మరకక్కా."

"మరకకు నాలుగు మూలలుంటాయా?"

"సుమ్మా, ఊరికే ఎందుకక్కా, పోయిన మనిషి గురించి ఇప్పుడు కొట్లాట" అని అతను ఫోను జేబులో పెట్టుకుని లేచాడు.

పెద్దది చేసి చూస్తే తేలిపోతుందని మర్నాడు ఫోటో స్టూడియోలో ఇచ్చింది. సాయంత్రానికి తళతళలాడే బొమ్మ చేతికొచ్చింది. విమానం కొత్తదానిలా మెరుస్తోంది, కిటికీ లేదు. "మరకలన్నీ క్లీన్ చేసేసినానక్కా" అన్నాడు స్టూడియో అతను సంతోషంగా. ఆమె పాత ఫోటోకేమీ కానందుకు ఊపిరి పీల్చుకుని, దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

తిరువళ్లూరులో పార్థిబన్ అని ఒక పెద్దాయన ఉన్నాడని, వైమానిక దళంలో ఇంజన్ల పని చేసి రిటైరయ్యాడని జాకెట్లు కుట్టించుకునే ఒకామె చెప్పింది. ఆదివారం కొట్టు మూసి వనజాక్షి రైలెక్కింది. పార్థిబన్ కాఫీ ఇప్పించాడు. ఫోటో వైపు ఇలా చూసి, "ఇది టైగర్ మాత్" అని తమిళంలో తేల్చేసి, తాను పనిచేసిన ఊళ్ల కబుర్లు మొదలుపెట్టాడు. జోధ్‌పూర్ ఎండలయ్యాయి, జోర్హాట్ వానలయ్యాయి. ఆమె రెండుసార్లు "సార్, ఈ కిటికీ" అంది. రెండుసార్లూ ఆయన "మరకమ్మా" అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక లేవబోతూ, ఎటూ వచ్చాను గదా అని అవ్వ మాట చెప్పేసింది.

"మా అవ్వ ఒకటి చెప్తా ఉణ్ణింది సార్. తోలేవాడు తమ వెనకాల, ఎత్తులో, బయట ఎండలో కూర్చున్నాడంట. తాము ముందర చిన్న గదిలో ఉండారంట. గోడకుండే చిన్న బొక్కలోంచి వాడు తొంగి చూసినాడంట. తోలేవాడు యాడన్నా వెనకాల కూర్చుంటాడా అని ఊరంతా నవ్వినారు."

పార్థిబన్ నవ్వలేదు. ఫోటో మళ్లీ అందుకుని కిటికీ వెలుతురులోకి తీసుకుపోయాడు. తర్వాత బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి చాలాసేపు తిరగేశాడు.

"ఫాక్స్ మాత్" అన్నాడు చివరికి. "రెక్కలూ తోకా టైగర్ మాత్‌వే. పొట్ట వేరు. ముందు గదిలో ముగ్గురు నలుగురు కూర్చోవచ్చు. పైలట్ వాళ్ల వెనకాలే. గోడకు కన్నం కూడా ఉంటుంది. ఇది కిటికీయేనమ్మా. లోపల తెల్లగా ఉన్నది మొహం కావచ్చు. ఎవరిదో నేను చెప్పలేను."

వనజాక్షి స్టేషన్ చేరకముందే తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పింది. అతను ఓపిగ్గా విన్నాడు.

"సరేక్కా, కూర్చునిందనే అనుకుందాం. ఎగిరినట్టు యాడుంది? ఫోటోలో చక్రాలు నేల మిందనే ఉండాయి గదా."

"తోలేవాడు వెనకాల ఉంటాడని ఆయమ్మకు ఎట్ల తెలిసిందిరా?"

"చూసింటాది. లేకుంటే ఎవరో చెప్పింటారు" అని నవ్వాడు. పాడె దగ్గర విన్న నవ్వే అది. ఆమె ఫోన్ కట్ చేసింది.

రైలు ఆలస్యమని చెబుతున్నారు. బెంచీ మీద కూర్చుని ఫోటో వెనక్కి తిప్పి, సంచిలోంచి పెన్ను తీసింది. బడిలో చదివింది తమిళమే గనక తెలుగు రాయడం ఆమెకు రాదు. తమిళ అక్షరాల్లోనే తెలుగు మాటలు రాయసాగింది: ఇది ఫాక్స్ మాత్. మా అవ్వ మునెమ్మ దీంట్లో ఎక్కి ఎగిరింది. పాత అట్ట మీద పెన్ను పడడం లేదు. ఆమె పళ్లు బిగించి, ఒక్కో అక్షరాన్నీ అది పడేదాకా దిద్దింది.