డ్రైవరు పడుకున్న ఇల్లు

దూరాలకి లారీ తోలే డ్రైవరు ఇంటికొస్తే చేసే పనులు మూడే. స్నానం, భోజనం, నిద్ర. ఇంకా ఓపిక మిగిలితే మాటలు. సాధారణంగా మిగలదు. ఆయన మంచం ఎక్కేలోపు భార్య వాకిట్లోకి వెళ్లి రెండు పెద్ద చెక్క దిమ్మలు తెచ్చి, వాలు మీద ఆపిన లారీ చక్రాలకి అడ్డం పెట్టినట్టే, ముందు గోడకి ఆనించి కాలితో తన్ని బిగిస్తుంది. లేకపోతే ఆయన గురక మొదలవగానే ఇల్లు కదులుతుంది.

పెళ్లయిన కొత్తలో ఆమెకి ఈ సంగతి తెలీదు. ఒకరోజు తెల్లవారి తలుపు తీస్తే, ఎదురుగా చెప్పుల దుకాణం ఉండాల్సిన చోట పోస్టాఫీసు ఉంది. పోస్టుమాన్ కంగారేం పడలేదు. "మీరెక్కడున్నా ఫరవాలేదమ్మా, కాకపోతే ముందురోజు ఒక్క మాట చెప్పండి. లేకపోతే మీ ఇల్లు వెతుక్కుంటూ సైకిలు తొక్కలేక చస్తాను" అన్నాడు. అప్పటినుంచే ఈ దిమ్మలు. ఆ వీధిలో టీచరమ్మ ఇంటికి సుద్దపొడి తెచ్చుకుంటుంది, మెకానిక్కు గ్రీజు తెచ్చుకుంటాడు, ఈయన రోడ్డు తెచ్చుకుంటాడు. ఎవరి తంటాలు వాళ్లవి.

ఆరోజు మధ్యాహ్నం భోజనాల వేళకి ఆమె తమ్ముడు ఊడిపడ్డాడు. పరుపుల దుకాణంలో పని అతనికి. ముప్పై దాటాయి, భార్యకి నెలలు నిండాయి, చేతిలో కొత్తగా వచ్చిన హెవీ లైసెన్సు. లారీ యార్డు ఓనరు ఒక బండి ఖాళీగా ఉందన్నాడట. చీకటిపడేలోపు వచ్చి మాట చెప్తే బండి నీది, లేకపోతే ఇంకొకడిది అన్నాడట.

"ఏమంటావు బావా?" అన్నాడు తమ్ముడు, కంచం ముందు కూర్చుంటూనే.

డ్రైవరు ముద్ద నమిలి మింగాడు. "ఏమనమంటావురా?"

"దేశాలు తిరుగుతావు. కొండలు, నదులు. నేనేమో పొద్దున్న షట్టరు తీసింది మొదలు ఎదుటి గోడ చూస్తూ కూర్చుంటా."

"నేను ముందు బండి వెనక పలక చూస్తూ కూర్చుంటా. నీ గోడ నయం, పొగ వదలదు."

"అబ్బా, నిజం చెప్పు బావా."

"నిజమే చెప్తున్నా. నడిపేది సగం, ఆగి ఉండేది సగం. నడిపినంతసేపూ నడుము నొప్పి, ఆగినంతసేపూ మనసు నొప్పి. నిద్రొచ్చినప్పుడు పడుకోనివ్వరు, పడుకోమన్నప్పుడు నిద్ర రాదు. మొదటి ఏడాదైతే కుక్క కూడా నిన్ను గుర్తుపట్టదు."

"మరి నువ్వెందుకు చేస్తున్నావు?"

"నాకు ఇంకో పని రాదు కనక" అని డ్రైవరు చెయ్యి కడుక్కుని, మంచం దాకా వెళ్లి, తల దిండుకి తగిలేలోపే నిద్రపోయాడు.

తమ్ముడు అక్క వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చూశావా? తను మహారాజులా తిరుగుతాడు, నన్ను మాత్రం వద్దంటాడు. నేనెక్కడ పోటీ వస్తానోనని."

అక్క అప్పటికే దిమ్మలు చేతిలోకి తీసుకుంది. ఆ మాట విని గుమ్మంలోనే ఆగింది. ఆమెకి కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి. ఆ దిమ్మలు తెచ్చి వంటింటి మూల పడేసింది.

"నీకు చెప్తే ఎక్కదురా. ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకో. ముందు సీటు అదే."

గురక మొదలైంది. ఇల్లు ఒకసారి మూలిగి కదిలింది. పక్కింటావిడ గబగబా తీగ మీద బట్టలు లాక్కుంది. "ఒదినా, మలుపులో గుంత తవ్వారు, చూసుకో!" అని కేక వేసింది. గుంత దగ్గర ఇల్లు దానంతటదే పక్కకి ఒరిగి దాటింది. డ్రైవరు నిద్రలో కూడా రోడ్డు మరచిపోడు.

పెద్ద రోడ్డు ఎక్కేసరికి తమ్ముడి మొహం వెలిగిపోయింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలి పట్టుకున్నాడు. "అక్కా, ఇదీ బతుకంటే!" అన్నాడు. ఆ సంబరం అట్టే సేపు లేదు. ముందు ఒక లారీ వచ్చి చేరింది. దాని వెనక పలక మీద 'దూరం పాటించండి' అని రాసుంది. తమ్ముడు అది చదివాడు. మళ్లీ చదివాడు. చదవడానికి ఇంకేం లేదు. కొండలు ఏమైనా ఉంటే ఆ పలక వెనకే ఉండి ఉంటాయి.

ఆఖరికి ఒక గోడౌను గేటు ముందు, వరసలో నిలబడ్డ లారీల వెనక ఇల్లు ఆగింది. వాచ్‌మన్ వచ్చి కిటికీ తట్టాడు.

"లోడా, ఖాళీయా?"

"నిద్ర" అంది అక్క.

"అయితే వరసలోనే ఉండండమ్మా, పిలుస్తారు" అని వెళ్లిపోయాడు.

ఎవరూ పిలవలేదు. ఎండ కిటికీలోంచి తమ్ముడి మోకాళ్ల మీదికి, అక్కణ్ణించి మొహం మీదికి వచ్చింది. ఎప్పుడు పిలుస్తారని రెండుసార్లు దిగి అడిగొచ్చాడు. వాచ్‌మన్‌కి తెలీదు, తెలిసినవాడు భోజనానికి వెళ్లాడు. తమ్ముడు కుర్చీలో ఇటు కదిలాడు, అటు కదిలాడు, నడుం పట్టుకుని లేచి బాత్రూముకి వెళ్లొచ్చాడు.

"నయం, మనకి బాత్రూము వెంట వచ్చింది" అంది అక్క, బట్టలు మడతపెడుతూ. "మీ బావకి అదీ ఉండదు."

ఫోను మోగింది. తమ్ముడి భార్య. ఎక్కడున్నావంది.

"దారిలో ఉన్నా. వస్తున్నా."

కాసేపటికి మళ్లీ మోగింది. "వస్తున్నానన్నా కదా. ఇక్కడ కొంచెం ఆలస్యమైంది."

మూడోసారి మాట్లాడేటప్పుడు అతని గొంతు మారింది. "నొప్పా? ఎప్పటినుంచి? కంగారుపడకు. వచ్చేస్తున్నా, ఇదిగో, దగ్గర్లోనే ఉన్నా."

ఫోను పెట్టి తలెత్తితే అక్క అతని వైపే చూస్తోంది. అతను అంటున్నంతసేపూ ఆ మాటలన్నీ ఆమె పెదాలు కూడా చప్పుడు లేకుండా అన్నాయి.

"కంఠతా వచ్చురా నాకు" అంది. "నాకు నొప్పులొచ్చినరోజు మీ బావ అచ్చం ఇవే చెప్పాడు. అబద్ధమేం కాదు, పాపం వస్తూనే ఉన్నాడు. పిల్ల బోర్లా పడటం నేర్చుకున్నాక వచ్చాడు. ఆయన్ని తిట్టడానికి కూడా లేదు, గేటు తియ్యకపోతే ఆయనేం చేస్తాడు? ఎవరినీ తిట్టలేకపోవడం ఎంత కష్టమో నీకు తెలీదు."

మంచం మీద డ్రైవరు ఈ పక్క నుంచి ఆ పక్కకి తిరిగి పడుకున్నాడు.

వాచ్‌మన్ మళ్లీ వచ్చాడు. "ఇవాళ దించుకోరట. రేపు రండి."

ఇల్లు కష్టంగా వెనక్కి తిరిగింది. అప్పటికే సాయంత్రమైంది. పెద్ద రోడ్డు మీద యార్డు దగ్గరపడుతోంటే నడక తగ్గింది. యార్డు కనిపిస్తే డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోవడం అలవాటు. ఓనరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి, రా రమ్మని చెయ్యి ఊపాడు.

తమ్ముడు గడప మీదికి వచ్చాడు. దిగి వెళ్లి ఒక్క మాట చెప్పాలంతే. కానీ ఇక్కడ దిగితే ఇల్లు వెళ్లిపోతుంది, తర్వాత బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? దిగాలనే ఉంది అతనికి, ఆ గోడ ఎదుట ఇంకో ముప్పై ఏళ్లు కూర్చోవాలంటే ఏడుపొచ్చింది. అక్క దిగమని అనలేదు. వద్దని కూడా అనలేదు. ఓనరు చేతి గడియారం చూసుకున్నాడు. తమ్ముడు అలాగే నిలబడి, ఆ గేటు పక్కనుంచి వెళ్లిపోవడం చూశాడు.

ఆ తర్వాత ఇల్లు తిరగాల్సింది కుడికి. ఎడమకి తిరిగింది. అటువైపు అది ఎన్నడూ వెళ్లలేదు. సందులు ఇరుకు, లారీ పట్టదు. అయినా ఇల్లు ఒళ్లు దగ్గరికి చేసుకుని దూరింది. తమ్ముడు ఉండేది ఆ సందుల్లోనే. దూరంగా అతని భార్య ఒక చేత్తో నడుము, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

ఇల్లు నిదానించింది. ఆగలేదు.

"అక్కా, బావని లేపు! ఆపమను!"

"లేపకురా. ఎన్నాళ్లకో దొరికిన నిద్ర."

"మరి ఆగడా?"

"ఆగడు. నిదానం చేస్తాడు, అంతే. ఇన్నేళ్లలో నాకు దొరికింది కూడా అంతే." అక్క అతని వీపు మీద చెయ్యి వేసింది. "దూకు."

తమ్ముడు దూకాడు. మోకాళ్ల మీద పడి, లేచి, పరుగెత్తి భార్యని పట్టుకున్నాడు. ఆమె బరువంతా అతని మీద వాలింది. వెనక్కి తిరిగి చూసేసరికి అక్క ఇల్లు సందు చివర మలుపు తిరుగుతోంది. లోపల లైటు వెలిగింది. అక్క ఇటు చూడటం లేదు. మంచం మీదికి వంగి, జారిపోయిన దుప్పటి ఆయన మీదికి లాగుతోంది.