మగ్గానికి రోగం

"మళ్ల చెప్తున్న, తప్పు మగ్గంల ఉంది" అన్నాడు మొగులయ్య, వరసగా మూడోరోజు.

"మగ్గంల లేదు, నీ కాళ్లల్ల ఉంది" అంది జమ్ములమ్మ బియ్యం కడుగుతూ, తల ఎత్తకుండానే.

"నలభై ఏండ్ల సంది తొక్కుతున్న చెక్క. నాకు తెల్వదా?"

గద్వాలలో వాళ్ల ఇంటి ముందుగదిలోనే గుంత మగ్గం ఉంది. మొగులయ్య గుంతలో కాళ్లు దించి, చెక్కలు తొక్కుతూ నేస్తాడు. జమ్ములమ్మ పక్కన కూర్చుని, అంచు దారం మోస్తూ పోగుల మధ్య వచ్చిపోయే నాడెను అందుకుంటుంది, తిరిగి ఇస్తుంది. నూలు చీరకు పట్టు అంచు కలవాలంటే ఇద్దరుండాలి. ఆయన చెయ్యి ఆగితే ఆమె చెయ్యీ ఆగాలి. వారం రోజులుగా అది ఆగుతూనే ఉంది.

వడ్రంగి యాదయ్యను పిలిపించి మొగులయ్య రెండు చెక్కలూ మార్పించాడు, తాళ్లు కూడా మార్పించాడు. యాదయ్య తొక్కి చూశాడు. మగ్గం టకటకా ఆడింది.

"మామా, దీనికేం రోగం లేదు."

"నువ్వు కొత్తోనివని మర్యాద చేస్తుంది" అన్నాడు మొగులయ్య.

ఆయన మొండితనానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు. కొడుకు దినేష్ రెండేళ్లుగా ఒకే మాట మీద ఉన్నాడు: "నాయినా, కాళ్లు పనిచేసేదాక నెయ్యి. చెయ్యనినాడు మగ్గం తీసేసి గీడ షాపు పెడ్త." అందుకని కాళ్లు బరువెక్కాయని ఒప్పుకుంటే మగ్గం పోయినట్టే. ఇక గుండె రెండు దెబ్బలు కొట్టి మూడోది మరిచిపోతోందని, గుంతలోంచి లేచేసరికి దమ్ము వస్తోందని చెబితే ఇంకేమైనా ఉందా? ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం గుంతలోంచి అసలు లేవలేకపోయాడు.

"మగ్గం నా కాళ్లు పట్టుకుంది" అన్నాడు, రొప్పుతూ.

దినేష్, యాదయ్య చెరొక రెక్క పట్టి పైకి లాగారు. జమ్ములమ్మ చెప్పులేసుకుని ఆటో పిలిచింది.

దవాఖానలో డాక్టర్ మానస ఈసీజీ కాగితాన్ని రెండుసార్లు చూసింది. రక్తం పరీక్షకు పంపించింది.

"ఉప్పు తింటున్నరా, పెద్దాయనా?"

"రామ రామ! నువ్వు తగ్గించమన్నంక ముట్టలేదమ్మా" అని మొగులయ్య గర్వంగా అంగీ జేబులోంచి ఓ చిన్న డబ్బా తీశాడు. "ఇదే ఏస్కుంటున్న. బీపీ ఉప్పు. వనపర్తిల మా వియ్యంకుడు జంగయ్య తెచ్చిచ్చిండు."

కోడలు రోహిణి గోడకేసి తిరిగింది. జంగయ్య ఆమె కన్నతండ్రి.

"ఎంతేస్కుంటున్నరు?"

"మందే గదా అని జర దండిగనే. అన్నంల, పప్పుల, మజ్జిగల. నెలకు తెచ్చిన డబ్బా తొమ్మిది దినాలకే అయిపోయింది. ఇది రెండోది."

డాక్టరు డబ్బా లాక్కుని తన సొరుగులో పడేసింది.

"ఇందుల పొటాషియం ఉంటది. మీ కిడ్నీలు కొంచెం నెమ్మది. మీరేసుకునే బీపీ గోళీ కూడా దాన్ని ఒంట్లకెళ్లి బయటికి పోనియ్యదు. గుండె ఒక్కో దెబ్బ కొట్టాలంటే దాని కణాల లోపలికి సోడియం రావాలె, కణాలల్లకెళ్లి పొటాషియం బయటికి పోవాలె."

"నాడె తీర్గ" అన్నాడు మొగులయ్య.

"గట్లనే అనుకోండి. రక్తంల పొటాషియం పోగైతే ఆ రాకపోకలు చెడ్తయ్, దెబ్బ తప్పుతది. కాళ్ల కండలు లేవవు. దమ్ము పీల్చే కండలు కూడా అలిసిపోతయ్." ఆమె గొంతు తగ్గించింది. "ఇంకొక్క దినం ఆలస్యమైతే గుండె ఆగిపోయేది."

 జమ్ములమ్మ మొగులయ్య వైపు తిరిగింది: "మగ్గంల ఉందంటివి."

ఇంజక్షన్లు, సెలైన్లు, మూడు రోజుల మంచం. ఇంటికొచ్చాక ఇంకో వారం మగ్గం ఎక్కొద్దన్నారు. మగ్గం మీద సగం నేసిన పెళ్లిచీర ఉంది. జమ్ములమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి గుంతలో దిగింది. పక్కన రోహిణి కూర్చుంది.

మొగులయ్య మంచం మీద కళ్లు మూసుకుని మగ్గం దెబ్బలు లెక్కపెట్టాడు. ఎక్కడైనా తప్పుతుందేమోనని చాలా ఆశగా విన్నాడు. వందదాకా లెక్కపెట్టినా ఒక్కటీ తప్పలేదు.

"నీకెవరు నేర్పిండ్రే?"

"ముప్పై రెండేండ్లు నీ పక్కన కూసుంటి. నిద్రపోతున్ననుకున్నవా?"

ఆ వారం ఆఖరి రోజు, ఆదివారం, జంగయ్య పరామర్శకు వచ్చాడు, తప్పు దిద్దుకోవడానికి ఆరు కొబ్బరిబోండాలు మోసుకుని. "ఉప్పు కాదు బావా, ఇది ఉత్త నీళ్లే!"

"అయ్యో నాయినా, అండ్ల గూడ ఆ పొటాషియమే ఉంటదంట!" అంది రోహిణి.

జమ్ములమ్మ బోండాలు కొట్టించి అందరికీ ఇచ్చింది. మిగిలిన రెండూ జంగయ్యకే తిరిగి ఇచ్చింది. మొగులయ్యకు చప్పటి మజ్జిగ.

అందరూ తాగుతుంటే దినేష్ గొంతు సవరించుకున్నాడు. "నాయినా, ఇగ మగ్గం సంగతి..."

మొగులయ్య గ్లాసు కింద పెట్టాడు.

"రేపటి సంది గుంతల మీ అమ్మ కూసుంటది. పక్కన కూసుని నాడె నేనందిస్త" అన్నాడు నెమ్మదిగా. "కాళ్లు పనిచేసేదాక అంటివి గద బిడ్డా. ఆమె కాళ్లు మంచిగున్నయ్."