ముళ్ళపంది మెచ్చిన తెడ్డు

మా సరస్సు మీద పడవ పందెం ఆ మధ్యాహ్నమే. మా ఇంటి పడవలో వెనక కూర్చుని దారి తిప్పేదాన్ని నేను. ముందు కూర్చునేది మా తమ్ముడి పిల్లల్లో ఒకరు. ఎవరన్నది పందెం రోజు పొద్దున్న చెబుతానన్నాను. అంతే, వారం రోజులు నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఆర్వోకి పన్నెండేళ్ళు. వాడి మాటలు కోటలు దాటుతాయి. "చేతులు బొబ్బలెక్కేలా తెడ్డేస్తున్నా అత్తా, ఆ చోటు నాదే" అని పూటకోసారి వినిపించాడు. తొమ్మిదేళ్ళ తైమి మాత్రం "నాకూ ఎక్కాలనుంది అత్తా" అని ఒక్కసారి అని ఊరుకుంది. వయసు చూసి నేనూ ఆర్వోకే ఇద్దామనుకున్నాను.

పందెం రోజు పొద్దున్నే పిల్లలతో వెళ్ళి చూద్దును కదా, పడవల కొట్టం గోడకు ఆనించిన రెండు తెడ్లలో తైమిది పిడి దగ్గర సగానికి కొరికేసి ఉంది. కింద చెక్కపొట్టు. పక్కనున్న పైన్ చెట్టు కొమ్మ మీద దొంగగారు, కడుపు నిండిన ముళ్ళపంది, హాయిగా కునుకు తీస్తోంది. మా అడవుల్లో ముళ్ళపందులు చెట్లెక్కుతాయి లెండి. తైమి గొల్లుమంది.

"తెడ్డూ లేదు, చోటూ లేదు!" ఆర్వో గంతులేశాడు. "చెట్టు దగ్గరికెళ్ళకే, ముళ్ళు బాణాల్లా విసురుతుంది!"

"దానికి విసరడం రాదురా," అంది తైమి వెక్కుతూనే. "తాకితేనే ఊడొచ్చి గుచ్చుకుంటాయి."

ఏడుస్తూ కూడా వాదన మానదు, మా ఇంటి పిల్లే! ఆర్వో గంతులు చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండింది.

"చెల్లెలు ఏడుస్తుంటే ఆ గంతులేమిట్రా? రెండు తెడ్లదీ ఒకటే చెక్క, ఒకే గోడకున్నాయి. మరి నీదెందుకు ముట్టుకోలేదు?"

"నాది గట్టిదేమో."

"ఉప్పు కోసంరా," అంది తైమి ముక్కు తుడుచుకుంటూ. "అది తినే ఆకుల్లో, బెరడులో ఉప్పు సరిపోదు. అందుకే చెమట పట్టినవి వెతుక్కుంటుంది. పోయినేడు మనం చెమటలు కక్కుతూ కూచునే ఆవిరిగదిలో బల్ల కొరికింది. తాత గొడ్డలి పిడి కొరికింది..."

అని ఠక్కున ఆగింది. ఆర్వో మొహంలో రంగు మారింది. నేను వాడి తెడ్డు చేతిలోకి తీసుకున్నాను. కొన్ననాటి మెరుగు అలాగే ఉంది.

"ఏరా, బొబ్బలెక్కేలా వేశానన్నావే! ఆ చెమటంతా ఏమైంది?"

"ఎండగా ఉందని... గట్టున చేపలు పడుతూ కూచున్నా," అని గొణిగాడు.

"నువ్వెప్పుడు వేశావే?" అని తైమిని అడిగాను.

"మీరు లేవకముందు, అత్తా. రోజూ." తైమి అరచేతులు చాపింది. రెండింటి నిండా బొబ్బలే.

"ముందు చోటు నీదే తల్లీ!"

"తెడ్డు పోయిందిగా," అంటూ మళ్ళీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆర్వో నా చేతిలోంచి తన తెడ్డు లాక్కుని చెల్లెలి చేతిలో పెట్టాడు.

"తీసుకో. దీన్ని ముళ్ళపంది కూడా మెచ్చలేదు. నువ్వైనా దీనికి ఉప్పు పట్టించు."

పట్టించింది! రెండో బహుమతి కొట్టుకొచ్చాం. ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని, ఆ తెడ్డును లోపల పెట్టి తాళం వేయడం.